మాకు పాలసీలన్నీ ఉండాయి మేడమ్!

అనుమానానికి మందు లేదంటారు. ఉన్నా నేను మింగుతానా? "ఇందులో ఏం కలిపినారో" అని మాత్రను వాసన చూసి పక్కన పెట్టే రకం నేను. ఆ జబ్బుతోనే ఒక్క పూటలో మా ఊరిని స్వర్గం చేసి పారేసినాను. ఊర్లో పేదోడు లేడు, రోగమొస్తే దిక్కులేనోడు లేడు, పింఛను రాని ముసల్ది లేదు. అంతా కాగితం మీదనే అనుకోండి. ఆ స్వర్గంలో మా మేనత్త నెత్తిన పడిన నరకం గురించి చెప్తాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఒకరి మొగం ఒకరు చూసుకుని మాత్రం నవ్వొద్దండి. నా గురించి మీలో మీరు ఏదో అనుకుంటాండారని నాకు మళ్ళీ అనుమానమొస్తాది.

నా పేరు రెడ్డెప్ప. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారు "ఎక్స్ విలువ కనుక్కోరా" అన్నాడు. "దాన్ని దాచిపెట్టినోళ్ళనే అడగండి సార్" అన్నాను. బయట నిలబడమన్నాడు. నిలబడినోణ్ణి నిలబడినట్టే ఇంటికొచ్చేసినాను, మళ్ళీ పోలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా, చదువు మానేసినా పోతుందని రుజువు చేసిన మొనగాణ్ణి నేను. ఇప్పుడు నాకొక ట్రాలీ ఆటో ఉండాది. టమోటా కాలంలో మదనపల్లె మార్కెట్టుకు కాయలు తోల్తాను. మిగతా కాలంలో పుంగనూరు బస్టాండు కాడ నిలబడి, సోఫా నుంచి శవం దాకా ఏది ఎక్కితే దాన్ని తోల్తాను.

మా మేనత్త పేరు మునెమ్మ. మా నాయనకు చెల్లెలు. మా ఇంటి పక్కనే ఒంటి గదిలో, రెండు మేకలతో కాపురం. పిల్లల్లేరు. మొగుడు పోయి అప్పటికి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ వితంతు పింఛను కోసం గ్రామ సచివాలయం చుట్టూ తిరగతానే ఉండాది. రాదు. ఎందుకు రాదంటారా? మా కాడ పాతకాలం ఆడోళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందంట.

"మామ పోయినాడు కదత్తా, ఇంగ తగ్గేదానికి ఏముండాది?" అంటే, "నాది తగ్గుతుందేమోరా, ఎవురికి తెల్సు" అనేది.

అనుమానం మా వంశంలోనే ఉండాది, చూసినారా!

దాంతో ఏ ఆఫీసులో ఎవరు పేరడిగినా ఈమె తల దించుకుంటాది. పక్కనోళ్ళు చెప్తారు. రేషన్ కార్డు రాసిన రోజు పక్కన ఎదురింటామె ఉండింది, "రమణప్ప" అనింది. మామ చావు సర్టిఫికెట్ రాయించిన రోజు పక్కన మా నాయన ఉండినాడు, "వెంకటరమణ" అన్నాడు. రెండూ ఆ మానవుడి పేర్లే. కంప్యూటరుకు మాత్రం ఇద్దరు మనుషులు. దాని లెక్కన మా అత్త మొగుడు రమణప్ప నిక్షేపంగా ఉండాడు. పోయిన వెంకటరమణ ఎవరో పరాయోడు. పరాయోడు పోతే పింఛనెవరిస్తారు?

"రమణప్ప బతికే ఉన్నట్టుంది కదమ్మా రికార్డులో?" అని సచివాలయంలో అడిగితే, "యాడుండాడో చెప్పు సారూ, పోయి పిలుచుకొస్తా" అనిందంట మా అత్త.

ఇది ఇట్లుండగా ఒకరోజు పొద్దున్నే పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు దిగింది ఒక దండు. పన్నెండు మంది పిల్లకాయలు, ఆడా మగా. చాపలు, గిన్నెలు, ఒక పెద్ద సాంబారు డేక్షా. వాళ్ళ వెనకాల కళ్ళద్దాల మేడమ్, చేతిలో లావు ఫైలు. ఫైలు చూడగానే నా ఎడమకన్ను అదిరింది.

"ఏమప్పా," అని మా ఊరి పేరు చెప్పి, "ఆ ఊరి బడికి పోవాల. పది రోజులు క్యాంపు. సామాను ఎక్కిస్తావా?" అనింది మేడమ్. "మా సొంతూరు మదనపల్లె పక్కనే" అని కూడా చెప్పింది, అడక్కుండానే. అడక్కుండా ఊరు చెప్పేవాళ్ళని నేను నమ్మను.

"ఎక్కిస్తాను మేడమ్. మీరేం పని చేస్తారు?"

"కుప్పంలో కాలేజీ. వీళ్ళు సోషల్ వర్క్ చదివే పిల్లలు. నేను సోషల్ పాలసీ చెప్తాను."

అంతే! 'కాలేజీ' నా చెవి దాకా వచ్చి ఆగిపోయింది, 'పాలసీ' ఒక్కటే లోపలికి దూరింది.

మా ఊర్లో పాలసీ అంటే ఒకటే. ఒకడు టై కట్టుకుని వస్తాడు. "దేవుడు చల్లగా చూడాల, కానీ రేపు నువ్వు పోతే?" అని నీ చావు గురించి నవ్వుతా మాట్లాడతాడు. సంతకాలు పెట్టించుకుంటాడు. తర్వాత నువ్వు ఉంటావు, వాడు పోతాడు. అంతకు ముందు ఏడాదే అట్లాంటోడొకడు మా ఊర్లో పదిమందికి పాలసీలు అంటగట్టి, ఫోన్ నంబరు మార్చుకుని మాయమైనాడు. ఆ పదిమందిలో మొదటోడు ఎవరో మీరు అడగొద్దు, నేను చెప్పను.

ఆరా తీద్దామని దారిలో మెల్లగా మాట కదిలించినాను.

"పాలసీ ఎన్నేళ్ళ నుంచి చెప్తాండారు మేడమ్?"

"ఇరవై ఏళ్ళప్పా."

"అమ్మో! అందరూ తీసుకుంటారా?"

"యాడ తీసుకుంటారు? సగం మంది వెనకాల కూర్చుని నిద్రపోతారు."

"మరి ఎట్లా ఎక్కిస్తారు?"

"అదే నా బాధ. ఒకచోట కూర్చోబెట్టి ఎంత చెప్పినా తలకెక్కదు. ఇండ్లల్లోకి పోతేనే పని అవుతుందని తేలింది. అందుకే ఈసారి ఒక్కో ఇంటికి ఒక్కొక్కర్ని పంపిస్తాను. కూర్చుని, మాట కలిపి, ఎవరికి ఏ పాలసీ లేదో కనుక్కుంటారు. దొరికిందా, పట్టుకుని ఇంగ వదిలేది లేదు!"

నా గుండె జారి ఆటో గేరు మీద పడింది. ఇంటికొకడు! పట్టుకుంటే వదలరంట! పోయినసారి ఒక్క టై వస్తేనే పదిమందిమి మునిగినాం, ఇప్పుడు పన్నెండు మంది, అదీ వంట గిన్నెలతో సహా దిగినారు.

వాళ్ళని బడి కాడ దించీ దించకముందే ఊర్లోకి పరిగెత్తినాను. వీధి వీధికీ పోయి అందర్నీ పోగేసినాను. "పాలసీవోళ్ళు దిగినారు. ఏమీ లేదని చెప్పినామా, ఉండేది లాక్కుంటారు. ఏమడిగినా ఒకటే మాట, 'మాకు అన్నీ ఉండాయి, ఇంగేం వద్దు.' యాదీ, చెప్పండి సూద్దాం!"

"మాకు అన్నీ ఉండాయి, ఇంగేం వద్దు!"

"గట్టిగా!"

మూడుసార్లు చెప్పించినాను. నోట్లో పండ్లు లేని ముసలోళ్ళకు కూడా కంఠతా వచ్చేసింది. మేడమ్ ఇరవై ఏళ్ళు చెప్పినా సగం మంది నిద్రపోయినారంట. నేను అరగంటలో ఊరు మొత్తానికి ఎక్కించినాను. పాఠంలో భయం కలిపితే చాలు, బుర్ర ఎంత మందమైనా దిగిపోతాది. కాకపోతే పాఠమే తప్పు. అది తర్వాత సంగతి.

సాయంత్రానికి మా అత్త గుమ్మం కాడికి ఒక పిల్ల వచ్చింది. పేరు భార్గవి, శాంతిపురం పిల్ల. సన్నగా, మర్యాదగా ఉండాది. మర్యాదగా ఉండేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలని నేను అత్త పక్కనే కాపలా కూర్చున్నాను.

"అవ్వా, మీకు ప్రభుత్వం పాలసీలు ఏమేం అందుతుండాయి?"

ప్రభుత్వం పేరు కూడా వాడుతాండారు సూడు, అనుకున్నాను. పోయినసారి వచ్చిన టైవోడు కూడా అట్లే వాడినాడు.

"అన్నీ అందుతాండాయి" అన్నాను నేను.

"ఆరోగ్యానికి?"

"ఉండాది."

"ఇంటికి?"

"ఉండాది."

పిల్ల పైకి చూసింది. రేకుల్లోంచి ఆకాశం కూడా కిందికి చూస్తాండాది.

"పింఛను?"

మా అత్త చటుక్కున తలెత్తింది. "పింఛనా? అమ్మా, అది రెండేళ్ళుగా..."

నేను ఆమె కాలు తొక్కినాను. ఆ టైవోడి సంచిలో పింఛను పాలసీ కూడా ఉండింది మరి!

"అదీ ఉండాది పాపా. రాసుకో."

"యాడుందిరా నీ మొగం!" అనింది అత్త.

"మా అత్తకు మతిమరుపు. తీసుకునింది కూడా మర్చిపోతాది."

"నాకా మతిమరుపు? నువ్వు ఎనిమిదో తరగతి క్వార్టర్లీలో తప్పిన ఆరు సబ్జెక్టుల పేర్లు చెప్పనా?"

పిల్ల కలం ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అవ్వా, నిజం చెప్పండి. ఈ అన్న చెప్పింది రాసుకునేదా?"

నేను మా అత్త చెవిలో "ఆ మేకలు రెండూ పోతాయి, నీ ఇష్టం" అన్నాను. అత్త మేకల వైపు చూసింది. "మాకు అన్నీ ఉండాయి, ఇంగేం వద్దు" అనింది, పాఠం అప్పజెప్పినట్టు. పిల్ల రాసుకుని పోయింది. ఆ పూట నా మీసం నేనే మెలేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మేడమ్ కబురు పెట్టింది. బడి కాడికి పోతే చాపలు చుట్టేసి ఉండాయి.

"రెడ్డెప్పా, నా సర్వీసులో ఇట్లాంటి ఊరు సూడలేదు. ప్రతి ఇంట్లో అన్నీ ఉండాయంట. అందరూ ఒకే మాట చెప్తాండారు, అదే నాకు అనుమానం. కానీ వద్దన్నోళ్ళ ఇంట్లో కూర్చోలేం కదా. సదుం దగ్గర వేరే ఊరికి పోతాం. సామాను ఎక్కించు."

ఎక్కించినాను. ఎంత సంబరంగా ఎక్కించినానంటే, సాంబారు డేక్షాను కూడా పెండ్లికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టినాను. మేడమూ పిల్లకాయలూ బస్సు కోసం రోడ్డు దాకా నడుస్తామన్నారు. సామాను చూసుకునేదానికి భార్గవి ఆటోలో నా పక్కన కూర్చునింది. మొగం మాడ్చుకుని ఉండాది.

"ఏం పాపా, బేరం కాలేదని బాధా?" అన్నాను, పుండు మీద కారం చల్లినట్టు.

"బేరమేంది అన్నా? ఆ ఊర్లోనన్నా పింఛను రాని అవ్వ ఒకామె దొరికితే బాగుండు. మాకు అదే పరీక్ష. పుస్తకంలో రాసేది కాదు. రానోళ్ళని ఒకర్ని పట్టుకుని, ఎందుకు రాలేదో ఆ కాగితం వెంటే తిరిగి, వచ్చేదాకా వదలకూడదు. వస్తే మేం పాసు."

ఆటో తనంతట తాను నిదానమైంది.

"మీరు పాలసీలు అమ్మరా?"

"అమ్మేదేంది? ఏ పాలసీ?"

"మేడమ్ చెప్పిందే, సోషల్ పాలసీ!"

"అయ్యో అన్నా! పాలసీ అంటే అది కాదు. పింఛను ఎవరికియ్యాల, రేషన్ ఎవరికియ్యాల అని ప్రభుత్వం పెట్టుకునే పద్ధతి. అది యాడ తెగిపోతుందో చూసి అతకడమే మా చదువు."

బ్రేకు మీద రెండు కాళ్ళూ వేసినాను. వెనకాల పెండ్లికూతురు లేచి, గిన్నెలన్నిటినీ వెంటబెట్టుకుని, మామిడి తోటలోకి దొర్లుకుంటా పోయింది. మా అత్త పింఛన్ను నా ఆటోలోనే, నా చేతులతోనే ఊరు దాటిస్తాండాను! అదీ బాడుగ తీసుకుని!

వెనకాల నడిచి వస్తాండే మేడమ్‌కు ఎదురుపోయి, దారి మధ్యలోనే అంతా చెప్పేసినాను. తిడుతుందేమో అని రెండు చెంపలూ సిద్ధం చేసుకున్నాను. ఆమె తిట్టలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నవ్వింది. తిట్టకుండా నవ్వేవాళ్ళంటే నాకింకా భయం.

"పిల్లలూ, ఈడ్నే కూర్చోండి" అనింది. అందరూ గట్టు మీద కూర్చున్నారు. "నేను నాలుగు నెలలు క్లాసులో చెప్పినాను, మీకు ఎక్కలేదు. నిన్న బస్టాండులో చెప్పినాను, ఈయనకు తలకిందులుగా ఎక్కింది. తప్పెవరిది?"

"ఈయనదే మేడమ్!" అన్నారు అందరూ, ఏమాత్రం మొగమాటం లేకుండా.

"కాదు, నాది. పాలసీ అనే మాట తీసేసి పాలసీ ఏందో ఈయనకు చెప్పండి సూద్దాం. చెప్పలేకపోయినారంటే మీకు రానట్టే."

ఒక పిల్లోడు లేచినాడు. "సమాజంలోని అట్టడుగు వర్గాల సమగ్ర సంక్షేమానికై..."

"రేడియో ఆపప్పా" అన్నాను.

ఇంకొకడు లేచి ఏదో చట్టం పేరు ఎత్తుకున్నాడు. దాని పేరు పూర్తయ్యేలోపల నాకు ఆవులింత వచ్చింది. చివరికి భార్గవి అనింది. "అన్నా, కష్టంలో ఉండేవాళ్ళని అందరూ కలిసి సాకేదానికి పెట్టుకున్న కట్టుబాటు. ఎవర్ని సాకాల, ఎంత సాకాల, ఎందుకు సాకాల అనేది అందులో ఉంటుంది."

"ఆ! ఇట్లా చెప్పింటే నిన్ననే మా మేకలక్కూడా అర్థమయ్యేది కదా!"

మేడమ్ ఫైలు తెరిచి ఆ మాట రాసుకునింది. ఇరవై ఏళ్ళ సర్వీసు మనిషి మా ఊరి మట్టి దారిలో నిలబడి రాసుకుంటా ఉంటే, నాకు ఎనిమిదో తరగతి బయట నిలబడిన సంగతి తలపుకొచ్చింది. వెంటనే ఆమె ఏం రాసుకునిందో అని అనుమానమొచ్చి తొంగిచూసినాను. భార్గవి చెప్పిందే. నా పేరు లేదు. బతికినాను.

అందర్నీ ఊర్లోకి తిరిగి తెచ్చినాను. కథ సుఖాంతం అనుకుంటాండారా? అసలు ముసలం పుట్టింది ఇప్పుడే.

"ఒరే, వీళ్ళు మంచోళ్ళు. మనకు రాని పింఛన్లు ఇప్పిస్తారంట. ఏమేం లేవో అన్నీ చెప్పేయండి" అని వీధంతా అరిచినాను.

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎదురింటి గంగులప్ప కిటికీలోంచి అన్నాడు, "నిన్నేమో వద్దంటివి. ఈరోజు చెప్పమంటాండావు. రాత్రికి రాత్రి నీకేం ముట్టిందిరా?"

"ఏమీ ముట్టలేదు మామా!"

"ఏమీ ముట్టకుండా నువ్వు మంచి చెప్పినావా? అయితే ఇందులో ఏదో పెద్దదే ఉండాది."

చూసినారా! నేను నాటిన విత్తనమే. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళు పడతారంటారు. నేను తవ్విన గోతిలో ఊరు మొత్తం ముందే దిగి, నన్ను పడనీయకుండా బయటికి తోస్తాండాది. అత్త ఇంటికి పోతే ఆమె మేకలు రెండింటినీ గదిలోకి తోలి, గుమ్మానికి అడ్డంగా కూర్చోనుండాది.

"అత్తా, నీ పింఛను..."

"పోరా! నన్ను ఎవురికి అమ్మినావో చెప్పు ముందు."

నేను ఒట్టు వేసే కొద్దీ ఆమె కండ్లు చిన్నవైపోతాండాయి. అప్పుడు భార్గవి నన్ను పక్కకు పొమ్మని సైగ చేసింది. చేతిలో ఫారం మడిచి సంచిలో పెట్టేసింది. అత్త ముందర రాశి పోసిన చింతకాయలు ఉండాయి. ఏమీ అడక్కుండా కూర్చుని, ఒక కాయ తీసుకుని, గింజ తీసి, పీచు లాగి పక్కన వేసింది. ఇంకొకటి. మా అత్త ఓరకంట చూసింది.

"పట్నం పిల్లకు ఈ పని యాడొచ్చె?"

"మా యమ్మ కూలికి ఇదే చేస్తాది అవ్వా."

"పీచు అట్లా కాదు లాగేది. ఇట్లా."

అరగంట కాయల గురించి మాట్లాడుకున్నారు. ఇంకో అరగంట మేకల గురించి. తర్వాత, ఎవరూ అడక్కుండానే, రెండేళ్ళ తిరుగుడు మొత్తం బయటికొచ్చింది, గింజ తర్వాత గింజలాగా. ఎదురింట్లో గంగులప్ప తలుపు కూడా మెల్లగా తెరుచుకునింది. నేను గోడ పక్కన నిలబడి వింటాండాను. నాకు మాట్లాడే హక్కు ఆ రోజుకు రద్దయిపోయింది.

మూడోరోజు సచివాలయంలో అధికారి ముందర అత్త, భార్గవి, వెనకాల నేను. భార్గవి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "సార్, రెండు పేర్లూ ఒకరివే. ఈమె పేరు పలకరు కాబట్టి ప్రతిసారీ వేరేవాళ్ళు చెప్పినారు. తప్పు ఈమెది కాదు, మనం అడిగే పద్ధతిది."

అధికారి మంచోడే. "ఒప్పుకుంటానమ్మా. కానీ పేరు ఆమె నోటితో ఒక్కసారి చెప్పాల. అవ్వా, మీ ఆయన అసలు పేరేంది?"

అత్త తల దించుకునింది. నేను నోరు తెరవబోతే భార్గవి చూసిన చూపుకు మూసుకున్నాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడతా అనింది, "ఏడుకొండలోడి పేరు సారూ."

పక్కన కంప్యూటరు ముందుండే అబ్బాయి టకటకా కొట్టేసినాడు. తెర మీదికి వంగి చూస్తే ఏముందంటారు? భర్త పేరు, ఏడుకొండలు!

"అయ్యో సామీ, ఆపండి! మూడోవాడు కూడా వచ్చేసినాడు!" అని నేను అరిచిన అరుపుకు బయట నిలబడినోళ్ళంతా లోపలికి వచ్చినారు.

భార్గవి మాత్రం కంగారు పడలేదు. "అవ్వా, మీరు పలకొద్దు. నేను చెప్తాను, మీరు తల ఊపండి. వెంకటరమణ?"

అత్త తల ఊపింది.

"రమణప్ప?"

మళ్ళీ ఊపింది.

అధికారి కలం పట్టుకుని అడిగినాడు. "ఇద్దరూ ఒకరేనా అవ్వా? ఖాయమేనా?"

"ఒకడే సారూ" అనింది అత్త, ఈసారి కొంగు తీసేసి. "ఇద్దరుండింటే ఒకడన్నా ఇంటి పట్టున ఉండేవాడు కదా!"

అధికారి కలం పక్కన పెట్టి నవ్వినాడు. మళ్ళీ కలం తీసుకుని రాసినాడు. తల ఊపిందే వాంగ్మూలం అయింది. రెండు నెలలకు మా అత్త పింఛను గుమ్మం కాడికొచ్చింది. భార్గవి పాసయింది. మా ఊర్లో పాసయింది ఆమె ఒక్కతే కాదు, ఇంకో ఏడుగురు ముసలోళ్ళ కాగితాలు కూడా అతుక్కున్నాయి. తప్పింది నేనొక్కణ్ణే.

కాబట్టి ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, రెడ్డెప్ప అనే నేను ఇకమీదట ఏ మాట చెవిన పడినా దాని అర్థం అడిగి తెలుసుకునేదాకా ఊర్లోకి పరిగెత్తను. ఎదుటి మనిషి అడిగే ప్రశ్నకు మా అత్త దగ్గర జవాబుంటే నా నోరు అడ్డం పెట్టను. ఈ శపథం తప్పితే నా ఆటో చక్రాలు మూడూ ఒకేసారి పంచరగుగాక. రాసింది చదివి వినిపిస్తే, మా అత్త నమ్మకం కుదరనట్టు తల అడ్డంగా ఊపి, "మీ మామ మీద ఒట్టెయ్" అనింది.

వేసినాను. ఎందుకైనా మంచిదని, ముగ్గురు మామల మీదా వేసినాను.